నడవకముందే అచ్చయిన నడక

1962 జూన్‌లో మా పత్రిక నన్ను నెల్లూరు జిల్లా విలేఖరిగా వేసింది. పేపరు మద్రాసులో అచ్చయ్యేది. జిల్లాలకు వచ్చే ప్రతిని డాక్ ఎడిషన్ అనేవాళ్లం. దాన్ని సాయంత్రమే అచ్చువేసి రైలుకెక్కిస్తే తెల్లవారేసరికి ఊళ్లకు చేరేది. మేం వార్తలు రాసి కవరులో పెట్టి, సాయంత్రం మద్రాసు వైపు వెళ్లే మెయిలు రైలు తపాలా పెట్టెలో వెయ్యాలి. ఈ రోజు జరిగినది ఎల్లుండి గాని అచ్చులో కనబడదు. తంతి, అంటే టెలిగ్రాం, ఇస్తే ఒక రోజు కలిసివస్తుంది కాని, చిన్న వార్తకు తంతి ఇస్తే న్యూస్ ఎడిటర్ గారు సంజాయిషీ అడుగుతారు.

ఈ ఆలస్యాన్ని దాటడానికి మాకొక పద్ధతి ఉండేది. మంత్రి సభ సోమవారమని తెలిస్తే శనివారమే వార్త రాసి పంపేస్తాం. పైన ఎర్ర పెన్సిలుతో ‘హోల్డ్’ అని రాస్తాం. సభ అయ్యాక ‘రిలీజ్’ అని ఒక్క మాట తంతి కొడితే డెస్కులోని సబ్ ఎడిటరు దాన్ని అచ్చుకు వదులుతాడు. దీన్ని ముందస్తు కాపీ అంటారు. ఆ పద్ధతి ఒక కుక్క విషయంలో నన్ను ఏడు వారాలు మైపాడు చుట్టూ తిప్పింది.

ఆ కుక్క సుభద్రమ్మ గారిది. ఆమె బాలికల పాఠశాలలో హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరై మైపాడులో సముద్రానికి దగ్గరగా ఇల్లు కట్టుకుని ఒంటరిగా ఉండేవారు. కుక్క పేరు సీజరు. పొడుగాటి ఒళ్లు, జానెడు కాళ్లు ఉండే సీమజాతి. ఆ జాతికి నడుము దగ్గర వెన్నుపూసల మధ్య మెత్తటి బిళ్ల జారి నరాన్ని నొక్కే జబ్బు ఎక్కువట. ఒక ఉదయం మెట్టు దిగుతూ కుయ్యిమని కూలబడింది. వెనక కాళ్లు రెండూ చచ్చుబడ్డాయి. నెల్లూరు పశువైద్యుడు చూసి, ఇది తన చేతిలో పని కాదని మద్రాసు పంపించాడు. అక్కడ వెన్ను కోసి ఆపరేషన్ చేశారు. జిల్లాలో అప్పటికి ఎవరూ వినని సంగతి.

ఒక శనివారం సుభద్రమ్మ గారు నాకు మద్రాసు నుంచి వచ్చిన ఉత్తరం చూపించారు. ఆపరేషన్ సక్రమంగా జరిగింది, సోమవారం తెల్లవారేసరికి నెల్లూరు చేరే రైలుకు పంపుతున్నాం, అని ఉంది. నడుస్తుందని అందులో ఎక్కడా లేదు. సక్రమంగా జరిగిందంటే నడిచినట్లేనని నేను అనుకున్నాను. ఇంకో పేపరు విలేఖరికి కూడా ఈ సంగతి తెలుసునన్న బెంగ ఒకటి. వెంటనే వార్త రాశాను. సోమవారం సీజరు తోక ఊపుతూ, నాలుగు కాళ్లతో నడిచి తన ఇంటి గడప దాటిందని కూడా రాశాను. మంత్రులకైతే ‘హోల్డ్’ అని తప్పక రాసేవాణ్ని. కుక్కకు ఎందుకులే అని రాయలేదు.

సోమవారం నెల్లూరు స్టేషనుకు వెళ్లాను, సుభద్రమ్మ గారూ వచ్చారు. రైలాగగానే గార్డు పెట్టెలోంచి ముందు మా పేపరు కట్టలు దించారు, తర్వాత సీజరును పెట్టిన వెదురు బుట్ట. కట్ట విప్పి చూస్తే మూడో పేజీలో నా వార్త. నేను ‘సోమవారం’ అని రాసిన చోట డెస్కులో ఎవరో బుద్ధిమంతుడు, ఆదివారం సాయంత్రం అచ్చయ్యే పేపర్లో అది కుదరదని, ‘ఆదివారం’ అని దిద్ది మరీ వేశాడు. బుట్టలోకి చూశాను. కుక్క వెనక భాగం పిండి పడేసిన తడిగుడ్డలా పడి ఉంది.

సుభద్రమ్మ గారు పేపరు చదివి, కుక్కను చూసి, నన్ను చూశారు. “ఆదివారం నడిచినాడా? అప్పుడు మద్రాసులో ఉండినాడే” అన్నారు. అంతే. ముప్పై ఏళ్లు పంతులమ్మగా చేసినవారికి తిట్టాల్సిన అవసరం రాదు.

అసలు కష్టం మర్నాడు వచ్చింది. ఆమె ఇంట్లో పోలయ్య అనే అతను పనిచేసేవాడు. వేటకు వెళ్లే వయసు దాటిన బెస్తవాడు. నెల్లూరు డాక్టరు సోమవారమే వచ్చి అతనికి అన్నీ చెప్పే పోయాడు. జల్లించిన పొడి ఇసుక మీద పడుకోబెట్టాలి. ఒళ్లు పుండు పడకుండా మూడు గంటలకొకసారి పక్క మార్చాలి. దానంతట అది ఒంటికి పోయలేదు కనుక రెండు పూటలా పొత్తికడుపు నొక్కి పోయించాలి. తను చెప్పేదాకా కాళ్ల మీద నిలబెట్టరాదు. మంగళవారం టీ అంగడిలో ఎవరో పేపరు పెద్దగా చదివారు. నడిచే కుక్కను చూద్దామని ఇందుకూరుపేట నుంచి కూడా సైకిళ్ల మీద వచ్చారు. సుభద్రమ్మ గారు స్నానానికి వెళ్లిన సమయంలో పోలయ్య దాన్ని ఎత్తుకొచ్చి, వాకిట్లో జనం మధ్య కాళ్ల మీద నిలబెట్టి వదిలేశాడు. సీజరు కూలబడింది. రెండు కుట్లు తెగాయి.

నేను వెళ్లి అతని మీద కేకలేశాను. ఆ కేకలు నా మీద నేను వేసుకోవలసినవని తెలిసే వేశాను.

“నన్నంటే ఎట్టయ్యా?” అన్నాడు పోలయ్య. “పేపర్లో పడిందని ఊరంతా అంటావుంటే నేను కాదంటానా? నడిచేది వచ్చి కూడా బద్ధకంగా పణుకోని ఉండాదనుకున్నా.”

డాక్టరు కుట్లు మళ్లీ వేసి లెక్క మొదటికి తెచ్చాడు. మూడు వారాల్లోపల కాళ్లకు స్పర్శ రాకపోతే ఇక రాదని, అప్పుడు దాన్ని బాధపెట్టకుండా సూదిమందుతో పంపేయడమే మేలని సుభద్రమ్మ గారితో చెప్పాడు. ఆమె తల ఊపి, నా వైపు తిరిగి, “మీరు రాసిన వార్తే కదా. వచ్చి నిజం చెయ్యండి” అన్నారు.

నేను ఆ రోజే సవరణ రాసి కవరులో పంపాను. పత్రికల్లో సవరణ అంటే విలేఖరి పేరుకు మచ్చ. అయినా పంపాను. న్యూస్ ఎడిటర్ గారు ట్రంకు కాల్ చేసి, కుక్కలకు కూడా సవరణలు వేస్తూ పోతే మంత్రులకు చోటెక్కడిదని అడిగారు. పైగా, ఇవాళ కాకపోతే రేపు నడుస్తుందిగా, అప్పుడు మన వార్త నిజమే అవుతుందన్నారు. సవరణ పడలేదు. అవతల కోవూరు నుంచి ఒక రైతు తన చచ్చుబడ్డ కుక్కను ఎద్దుబండిలో వేసుకుని, పేపర్లోంచి నా వార్త కత్తిరించి జేబులో పెట్టుకుని వచ్చాడు. అతనికి సంగతి చెప్పి పంపడానికి నాకు గంట పట్టింది. అతను నమ్మింది నన్ను కాదు, అచ్చును.

అప్పటినుంచి వారానికి మూడు రోజులు పొద్దుటి బస్సులో మైపాడు వెళ్లేవాణ్ని. సీజరు మంచి రోగి కాదు. చేప పెడితే తల తీసేస్తే గాని ముట్టేది కాదు. ఇసుక మార్చేందుకు ఎత్తితే మూలిగేది. పొత్తికడుపు నొక్కడం నా వంతు. ఎంత నొక్కినా చుక్క రాలేది కాదు. విసిగి చెయ్యి తీసి కుక్కను మోకాలి మీద వాల్చుకోగానే నా పంచె తడిపేది. పోలయ్య నవ్వు ఆపుకోకుండానే, “సీజరయ్యకు మీరంటే చనువు సామీ” అనేవాడు. ఆ పంచెతోనే జిల్లా పరిషత్తు సమావేశానికి వెళ్లి వెనక బెంచీలో కూర్చున్న రోజు ఉంది.

డాక్టరు ప్రతి గురువారం వచ్చి చిన్న పటకారుతో వెనక కాలి వేలు నొక్కేవాడు. మొదటి గురువారం కాలు వెనక్కి గుంజుకుంది. నేను సంతోషించి ‘వచ్చింది’ అన్నాను. డాక్టరు విసుక్కున్నాడు. కాలు గుంజుకోవడం నరాల అలవాటేనట, దానికి మెదడుతో పని లేదట. నొప్పి తెలిసినట్లయితే కుక్క తల తిప్పి చూడాలి. చూడందే ఏమీ అనకూడదు. “మీ పేపరుకు నచ్చదేమో గాని, మా పని ఇంతే” అన్నాడు. రెండో గురువారం కూడా తల తిరగలేదు. ఆ వారం సుభద్రమ్మ గారు కుక్క గురించి మాట్లాడటం మానేశారు. నా వార్తల్లో తప్పులు మాత్రం గుర్తుపెట్టి చూపించేవారు.

మూడో గురువారం డాక్టరు సూదిమందు పెట్టెను కూడా తెచ్చాడు. దాన్ని అరుగు మీద పెట్టడం అందరం చూశాం. నేను కుక్క నడుము పట్టుకున్నాను. డాక్టరు ఎడమ వేలు నొక్కాడు. ఏమీ లేదు. కుడి వేలు నొక్కాడు. సీజరు గిరుక్కున తల తిప్పి, పటకారు అందకనో ఏమో, నా మణికట్టు కరిచింది.

“కరిచినాడు! అమ్మా, కరిచినాడు!” అని పోలయ్య వీధిలోకి పరిగెత్తాడు. డాక్టరు నా చేతిని చూడకుండా మళ్లీ కుడి వేలు నొక్కి, మళ్లీ కరిపించి, అప్పుడు తృప్తిపడ్డాడు. సుభద్రమ్మ గారు సబ్బు, నీళ్లు తెచ్చి నా చెయ్యి కడుగుతూ, “ఇది రాసుకోండి. కళ్లారా చూసినారు కదా” అన్నారు.

ఆ తర్వాత పని పోలయ్యది. అలల్లో దించితే వెన్ను మెలిపడుతుందని అతనే అన్నాడు. బకింగ్‌హాం కాలువలో నిలకడ నీళ్లకు తీసుకెళ్లి, కడుపు కింద తువ్వాలు వేసి తేలేటట్టు పట్టుకునేవాడు. నీళ్లలో బరువుండదు కనుక కాళ్లు వాటంతటవే ఆడటం మొదలైంది. ముందు కుడిది, పది రోజులకు ఎడమది. ఏడో వారం చివర, కాలువ గట్టు మీద తువ్వాలు వదిలితే సీజరు పదకొండు అడుగులు వేసింది. వెనక భాగం కల్లు తాగినవాడిలా పక్కకు తూలింది. నేను లెక్కపెట్టాను. పోలయ్య పన్నెండన్నాడు. సుభద్రమ్మ గారు పదకొండే అన్నారు.

ఆ సాయంత్రం నాలుగు వాక్యాల వార్త రాసి కవరులో వేశాను. ఇది చూసి రాసింది. తేదీ, స్థలం, అడుగులు, అన్నీ సరైనవి. మూడు రోజులకు అది తిరిగి వచ్చింది. పైన నీలి పెన్సిలుతో న్యూస్ ఎడిటర్ గారి చేతిరాత: ‘ఇదివరకే ప్రచురితం.’

తర్వాత ఇరవై ఎనిమిదేళ్లు ఆ ఉద్యోగంలోనే ఉన్నాను. ముందస్తు కాపీ పంపడం మానలేదు, మానితే పని జరగదు. మనిషికైనా పశువుకైనా పైన ‘హోల్డ్’ అని రాశాను. ఏం జరిగిందో చెప్పే వాక్యం ఉండాల్సిన చోట మాత్రం గీత గీసి ఖాళీ వదిలేవాణ్ని. చూసిన తర్వాత తంతిలో ఆ ఖాళీ నింపేవాణ్ని. డెస్కు వాళ్లకు అది చిరాకు. కారణం అడిగినవాళ్లకు మణికట్టు మీది పంటి మచ్చ చూపించేవాణ్ని.