మచ్చలేని మెదడు

పూడిమడక జాలరి ఇళ్లలోంచి పీహెచ్‌డీ దాకా వెళ్లిన మొదటి పిల్ల మహాలక్ష్మి. దిగులు జబ్బు ఉన్నవాళ్ల మెదడును స్కాన్ తీసి, ఆరోగ్యవంతుల మెదడుతో పోల్చి చూడటం విశాఖలో ఆమె పరిశోధన. తల్లి ఎరుకమ్మ చేపలమ్మే చోటల్లా చెప్పుకునేది: "మా అమ్మి మనిసి బుర్రని ఫొటో తీసి సూత్తాది."

పోయినేడు వేటలో పడవ తిరగబడింది. మహాలక్ష్మి అన్న చంటిబాబు ఈదుకొచ్చాడు. అతని చెయ్యి పట్టుకున్న తోటి జాలరి త్రినాథ్ నీళ్లలోకి జారిపోయాడు. ఆనాటి నుంచి చంటిబాబు సముద్రం వైపు చూడలేదు. తిండి తగ్గింది, మాట తగ్గింది. మహాలక్ష్మి అనకాపల్లిలో డాక్టరుకు చూపించి మందులు వేయించింది. కాస్త నిద్రపట్టసాగింది.

కానీ ఊళ్లో అందరూ అతన్ని సోమరి అంటున్నారు. గైడును అడిగి, అన్నను కూడా తన పరిశోధనలో చేర్చి స్కాన్ తీయించింది. ఒక్కరి స్కాన్ చూసి ఈ జబ్బు ఉందో లేదో చెప్పలేరని ఆమెకు తెలుసు. వందలమందివి కలిపి చూస్తేనే ఏదో చిన్న తేడా బయటపడేది. అయినా ఎక్కడో ఆశ. ఏదైనా కనిపిస్తే ఊరి నోళ్లు మూతపడతాయని.

ఏమీ కనిపించలేదు.

"బాగానే ఉన్నాదంట కదా! మరింక మందులెందుకే? వేటకెల్తే అదే సద్దుకుంటాది," అంది ఎరుకమ్మ.

"ఈ జబ్బు స్కాన్‌లో కనపడదమ్మా. కనపడనేదంటే నేదని కాదు."

"కనపడనిదాన్ని ఎతకడానికా ఇన్నేళ్లు సదివేవు?"

గోడవైపు తిరిగి పడుకున్న చంటిబాబు మెల్లగా అడిగాడు: "నాకేటీ నేదంతన్నారు కదమ్మీ. మరిదేటి?" చెయ్యి గుండెమీద ఉంది.

ఆమె విశాఖ వెళ్లాక అతను మందులు మానేసి పడవెక్కాడు. ఒడ్డు కనుమరుగవగానే త్రినాథ్‌ను పిలుస్తూ నీళ్లలోకి వంగిపోయాడట. పడవలో వాళ్లు ఒడిసిపట్టుకుని, వల వేయకుండానే వెనక్కొచ్చారు. మళ్లీ అతన్నెవరూ వేటకు పిలవలేదు. ఇప్పుడు ఎవరిచేతి మాత్రా మింగడు. మొన్న మహాలక్ష్మి వెళ్లి మధ్యాహ్నమంతా పక్కనే కూర్చుంది. "అన్నియ్యా" అంటే తల తిప్పలేదు.

థీసిస్ త్వరగా రాయమని గైడు తొందరపెడుతున్నారు. ఆమె మాత్రం అన్న స్కానే తెరిచి, పొరపొరా వెతుకుతూ కూర్చుంటోంది.

ఈమధ్య స్కాన్‌కొచ్చిన, దిగులు జబ్బుకు మందులు వాడుతున్న కాలేజీ అమ్మాయి ఒకతి అడిగింది: "నా బాధ ఇందులో తెలుస్తాదా మేడమ్?"

"తెలీదమ్మా."

ఆ పిల్ల ముఖం వాడిపోయింది. రిపోర్టు ఎలా వచ్చినా మందులు మానొద్దని చెప్పబోయింది మహాలక్ష్మి. చెప్పకుండానే గది బయటకి వచ్చేసింది.