రంగం మామ్మ పెట్టిన సంతకం

మొన్న హనుమాన్ జంక్షన్‌లో బస్సెక్కితే, పక్క సీటులో కూర్చున్నావిడ దగ్గర తడి గంధం వాసన వచ్చింది. నూజివీడు చేరేదాకా అచ్చాయమ్మ మామ్మే గుర్తొస్తూ ఉంది. ఎండలో పనికి దిగే ముందు మామ్మ రెండు చెంపలకూ గంధం పట్టించుకునేది. అది బర్మా అలవాటు. రంగూన్‌ను మా పెద్దవాళ్లు రంగం అనేవారు కాబట్టి, ఆమె అందరికీ రంగం మామ్మ.

నాకు ఇరవై నాలుగేళ్లప్పుడు భర్త పోయాడు. చంటిబిడ్డతో మామిడి నర్సరీలో కూలికి చేరాను. అప్పటికి మామ్మకు అరవై దాటాయి. బర్మా నుంచి వచ్చి ఓడ దిగి, కాందిశీకుల శిబిరంలో కొన్నాళ్లుండి, జి. కొండూరు వైపు తోటల్లో కాయలు మోసి, తోటమాలి చేతుల్ని చూసి అంటు కట్టడం నేర్చుకుని, కూతుర్ని నర్సును చేసిన మనిషి. నాకూ ఆ పని ఆమే నేర్పింది. నేను కట్టిన మొదటి అంట్లన్నీ ఎండిపోతే కళ్లనీళ్లు పెట్టుకున్నాను. “ఏడుపెందుకే? కత్తికి పదును లేదు, అంతే. నూరుకో,” అంది. ఓదార్పు మాటలు ఆమెకు రావు.

ఆ వేసవిలో నర్సరీలో నీళ్ల మోటారు పోయింది. కాపలా సుబ్బయ్య దాన్ని మోసుకెళ్తుంటే మేమంతా చూశామని రాసిన కాగితం మేస్త్రీ పట్టుకొచ్చాడు. “పదో తరగతి చదివావుగా, ముందు నువ్వు సంతకం పెట్టమ్మా. మిగతావాళ్లు వేలిముద్రలేస్తారు. పెట్టనివాళ్లు రేపట్నుంచి రానక్కర్లేదు,” అన్నాడు. నేను పెన్ను అందుకున్నాను. “మంచినీళ్లు తాగొస్తామండీ,” అని మామ్మ నా చెయ్యి పట్టుకుని తొట్టి దగ్గరికి తీసుకెళ్లింది.

అక్కడ నిలబడే చెప్పింది. ఆమె భర్త రంగంలో తెలుగు బడి మాస్టారు. సైన్యం గద్దెనెక్కాక బడి మూసేశారు, దుకాణాలు లాక్కున్నారు. ఎవరు ఎవరి మీద చెబుతారోనని ఇరుగుపొరుగు మాట్లాడుకోవడం మానేశారు. ఒక మధ్యాహ్నం అన్నం తింటున్న మాస్టారిని ఎంగిలిచేత్తోనే తీసుకుపోయారు. కొన్నాళ్లకు ఆమెను పిలిపించారు.

“ఆయన ప్రభుత్వం మీద కుట్ర చేశాడని కాగితం మీద రాసుంది. సంతకం పెడితే నన్నూ పిల్లనీ ఓడెక్కనిస్తామన్నారు. పెట్టాను.”

“తర్వాత?”

“ఓడెక్కాను. ఆయన రాలేదు. ఆ సంతకం వల్ల చంపారో, అప్పటికే చంపేశారో తెలీదు. పిల్ల బతికింది. అంతమాత్రాన తప్పు తప్పు కాకుండా పోలేదు.”

“ఇప్పుడు నన్నేం చెయ్యమంటావు మామ్మా?”

“చెప్పను. నీకూ బిడ్డుంది. కాగితం చదువు. నువ్వు చూసిందే రాసుంటే పెట్టు.”

నేను పెట్టలేదు. మామ్మను పిలిస్తే, “నేను చూళ్లేదండీ,” అంది. నలుగురు వేలిముద్రలేశారు. సుబ్బయ్యను రెండు రోజులు స్టేషన్‌లో కూర్చోబెట్టి వదిలేశారు. మోటారు ఎవరు తీశారో ఇప్పటికీ తెలియదు. పని పోయిన మేమిద్దరం మామ్మ పెరట్లో టెంకలు నాటాం. మూడో ఏటికి మా మొక్కల కోసం ఉంగుటూరు నుంచి కూడా రైతులు వచ్చేవారు.

మామ్మ పోయి చాలా ఏళ్లయింది. ఆ సంతకం విషయంలో తనను తాను క్షమించుకోవడం నేను చూడలేదు. దాన్ని తలుచుకుని పని మానేసిన రోజూ చూడలేదు. ఇప్పుడు నా నర్సరీలో ఆరుగురు ఆడవాళ్లు పనిచేస్తున్నారు. బ్యాంకు నుంచో, పంచాయతీ నుంచో ఎవరైనా వాళ్ల వేలిముద్రల కోసం కాగితాలు తెస్తే, నేను మొదటి అక్షరం నుంచి చివరిదాకా పైకి చదువుతాను. వచ్చినవాళ్లు విసుక్కుంటారు. చదవడం అయ్యేదాకా ఇంకు ప్యాడు మూత తియ్యనివ్వను.