తేరని సీసా

ఎవరింటికి వెళ్ళినా వాళ్ళిచ్చిన మంచినీళ్ళు తాగకుండా సీసాలో పోసుకుని తెచ్చుకునే మనిషి ప్రపంచంలో ఒక్కడే ఉన్నాడు. ఆయన మట్టి పరీక్షల ల్యాబ్‌లో అటెండరు, చిన్నమేడంకి సొంత పెదనాన్న.

చిన్నమేడం ఆ ల్యాబ్‌కే కొత్తగా ఆఫీసరుగా వచ్చి, పెదనాన్నగారింట్లోనే ఉంటోంది. ఆఫీసులో ఆయన "మేడం, ఫైలు" అంటూ లేచి నిలబడతాడు. ఇంట్లో "ఒసేయ్, ఆ సీసా మూత ఇటివ్వు" అంటాడు. ఆమెకి రెండు చోట్లా తల కొట్టేసినట్టే ఉండేది.

ఒకసారి ఆయనకి నూటమూడు జ్వరం. ఇంటికొచ్చిన డాక్టరు నాడి చూస్తుంటే కళ్ళు తెరిచాడు.

"మీ ఆసుపత్రి బోరు ఎన్నడుగులండీ?"

"రెండొందల ఎనభై. ఏం?"

"సబ్బు నురగ రావడం లేదు కదూ?"

డాక్టరు తెల్లబోయాడు. మర్నాడు మాత్రలతోపాటు ఓ సీసాడు నీళ్ళు కూడా పంపించాడు.

పొలాలకి వెళితే గుప్పెడు మట్టి కూడా తెచ్చేవాడు, చెప్పులకి అంటుకుందని దులుపుతున్నట్టు నటించి. ఆ మట్టిని ఆ పొలం బోరు నీళ్ళలోనే కలిపి, గిలకొట్టి కిటికీలో పెట్టేవాడు. మంచి మట్టయితే పొద్దుటికి అడుక్కి దిగి, నీళ్ళు తేరుకుంటాయి. నీళ్ళలో సోడియం ఎక్కువైతే వారమైనా మురిగ్గానే ఉంటాయి. అలాంటి నీళ్ళు పారిన నేల మెల్లమెల్లగా చౌడుబారుతుంది. తడిస్తే బంక, ఎండితే బండ.

"నూనె పోసుకోవడానికి ఇంట్లో ఒక్క సీసా లేదు!" అనేది పెద్దమ్మ రోజూ.

"నూటపన్నెండున్నాయి కదే."

"ఖాళీది!"

"ఖాళీ సీసా ఎందుకే, దండగ."

ఆ సీసాల మీద అంకెలే తప్ప పేర్లుండవు. ఆఫీసరు కదా, చిన్నమేడం ఊరుకోలేకపోయింది. "పేర్లేవి పెదనాన్నా? ఏది ఎవరిదో ఎలా తెలుస్తుంది?"

"పేరు రాస్తే నీళ్ళకి పడదే," అని నవ్వేశాడు.

ఇంతలో పూలక్క సంగతి వచ్చింది. రెండెకరాల్లో పూలు పండించి బజారుకి వేసే మనిషి. మూడు పంటలుగా సగం నారు నారుగానే చచ్చిపోతోందని విని, చిన్నమేడం జీపు, రిజిస్టరు, పెదనాన్న సమేతంగా వెళ్ళింది. పూలక్క గేటుకి అడ్డంగా నిలబడింది.

"నా నీళ్ళకేం తల్లీ? బంగారం! మీకు దండం పెడతా, ఆ జీపు తీసుకుని వెళ్ళండి."

ఆమె వెనక మడులన్నీ బూడిద చల్లినట్టు తెల్లగా ఉన్నాయి. పెదనాన్న వాటి వంక ఓసారి చూసి జీపెక్కాడు. మర్నాడు సాయంత్రం సైకిలెక్కి వెళ్ళి, మూరెడు పూలతో తిరిగొచ్చాడు.

"ముప్పై ఏళ్ళకి నాకు పూలు!" పెద్దమ్మ మురిసిపోయింది. అంతలో సంచిలో సీసా, చెప్పులకి మట్టి కనిపించాయి. "అదీ సంగతి," అంది.

తొమ్మిది రోజులైనా ఆ సీసా తేరలేదు.

"రిపోర్టు రాస్తాను," అంది చిన్నమేడం.

"రాయి. సాయంత్రానికి ఆఫీసంతా, రేపటికి బజారంతా తెలుస్తుంది. చౌడు పొలం పూలు ఇట్టే వాడిపోతాయంటారు. పూలకొట్టువాడు బుట్ట దింపనివ్వడు. ఆ రెండెకరాలు తప్ప ఆమెకేముందే?"

"మరి మీరు ఊరందరి నీళ్ళూ పట్టుకొస్తున్నారుగా?"

"అందుకేనే. ఒక్క పూలక్కలాంటి వాళ్ళ దగ్గరే పట్టుకుంటే అందరి కళ్ళూ వాళ్ళ పొలాల మీదే పడతాయి. డాక్టరు దగ్గరా, మంగలి దగ్గరా, పెళ్ళివారి దగ్గరా పట్టుకుంటే నన్ను పిచ్చాడంటారు. అననీ."

చిన్నమేడం నూటపదమూడు సీసాల వంక చూసింది. ఆఫీసులో ఈయన లేచి నిలబడుతుంటే తను కుర్చీలో ఎలా కూర్చుందో ఆమెకే అర్థం కాలేదు. ఈయన మా పెదనాన్న అని వీధిలోకెళ్ళి గట్టిగా అరవాలనిపించింది. అరిస్తే గుట్టు బయటపడుతుంది కనక ఊరుకుంది. బదులుగా, చౌడు విరగడానికి ఎకరానికి ఎన్ని బస్తాల జిప్సం వెయ్యాలో, వాననీళ్ళు ఎలా నిలబెట్టి ఇంకించాలో ఓ చీటీ మీద రాసిచ్చింది. పేరు మాత్రం రాయలేదు.

పెదనాన్న ఆ చీటీ పూలక్కకిచ్చి, "ఆ బస్తాలేంటని ఎవరైనా అడిగితే ఎరువని చెప్పమ్మా," అన్నాడు. ఆమె చీటీ కళ్ళకద్దుకుంది.

రెండు పంటలు తిరిగాక ఆ పొలం మట్టీ నీళ్ళూ మళ్ళీ తెచ్చి కలిపితే, సీసా రాత్రికి రాత్రే తేరుకుంది. పెదనాన్న దాన్ని ఎండకి ఎత్తి పట్టుకుని, కన్నకొడుకు పరీక్ష పాసైనంత సంబరపడ్డాడు. తరవాత నీళ్ళు పారబోసి, శుభ్రంగా కడిగి పెద్దమ్మ చేతిలో పెట్టాడు.

"ఇదిగో, నీ నూనె సీసా."

మూడో రోజుకల్లా అది మాయమైంది. పెద్దమ్మ గొంతు వీధి చివరిదాకా వినిపించింది. "నీ మీద ఒట్టు, నేను తియ్యలేదే!" అని పెదనాన్న మొత్తుకున్నాడు.

పాపం, ఈసారి ఆయన నిజమే చెప్పాడు. సరిగ్గా ఆ వేళకి, ఏదో పొలం గట్టు మీద ఓ రైతు చెంబుతో నీళ్ళందిస్తుంటే, చిన్నమేడం హ్యాండ్‌బ్యాగ్‌లోంచి సీసా తీసి అడుగుతోంది:

"మీ బోరు ఎన్నడుగులండీ?"