స్కూలు గేటు దగ్గర గంప పెట్టి వెళ్ళిన రోజు

బావా, బాగున్నావా? నీ ఉత్తరం వచ్చి నెల దాటింది, ఏమీ అనుకోకు. స్కూలు వాళ్ళు సీట్లు వచ్చినవాళ్ళ లిస్టు పెట్టేదాకా రాయకూడదని ఆగాను. వచ్చే ఏడు నీ కొడుకుని అచ్యుతాపురం నుంచి ఆరో తరగతికి తెస్తానన్నావు కదా, నీకు పనికొస్తుందని స్కూల్లో ఫారాలిచ్చిన రోజు సంగతంతా వరసగా రాస్తున్నాను.

ఆ మధ్య మా కొట్టు స్థలానికి ఇంగ్లీషులో నోటీసు వచ్చింది. అది చదివించుకోవడానికి కూర్మన్నపాలెం జంక్షన్‌లో ముగ్గురిని బతిమాలాను. మా రత్నం అదంతా చూసి, "నాను సదివితే నువ్వు ఎవుల్నీ అడగక్కర్లేదు కదా నాన్నా" అంది. ఇంగ్లీషు స్కూల్లో ఆరులో చేరడానికి దానికి వయసు ఈ ఒక్క ఏడే ఉంది. ఎలాగైనా చేర్చాలని అప్పుడే అనుకున్నాను.

ఆ రోజు పొద్దున్న అయిదింటి బస్సెక్కితే గాజువాక మీదుగా ఆరుంపావుకల్లా స్కూలు దగ్గర దిగాం. ఇద్దరికీ టిక్కెట్లు మూడు రూపాయల లోపే. ఫారాలు తొమ్మిదింటికిస్తారు. అప్పటికి గేటు ముందు ఆరుగురే ఉన్నారు. పని అయ్యాక ఫిషింగ్ హార్బర్‌కి వెళ్దామని ఎండు చేపల గంప వెంట తెచ్చుకున్నాను. హార్బర్‌లో చేపల వేలం పాట దగ్గర గంప పెడితే మనిషి నిలబడ్డట్టే, ఎవరూ కదపరు, నీకు తెలుసు కదా. ఇక్కడా అలాగే ఏడో చోట గంప పెట్టి, పిల్లకి ఇడ్లీలు పెట్టించడానికి తీసుకెళ్ళాను.

తిరిగొచ్చేసరికి లైను వీధి మలుపు దాటింది. గంప గోడ పక్కన పడుంది. నా చోట ఒక గోదావరి ఆయన, పోర్టు ఉద్యోగి, కొడుకుతో నిలబడ్డాడు.

"గంప ఎందుకు తీశారు?" అన్నాను.

"వాసనకి పిల్లలు ముక్కులు మూసుకుంటున్నారండి. అయినా గంపకి సీటివ్వరు కదండీ" అన్నాడు. లైనంతా నవ్వింది. రత్నం గంప తీసి చంకన పెట్టుకుని చివరికి నడిచింది. నేనూ వెనకే వెళ్ళాను.

మా వంతు రావడానికి ముగ్గురు ముందుండగానే ఫారాలు అయిపోయాయి. ఆ ముగ్గురూ వెళ్ళిపోయారు. నేను కదల్లేదు. ముసలి వాచ్‌మన్ దగ్గరకొచ్చి, "ఏటి బాబూ, ఇంకా నిల్సున్నావు?" అన్నాడు. వేరే దారి లేదన్నాను. ఆయన మెల్లగా కబుర్లలో పడ్డాడు. ఈ స్కూలు మొదట పోర్టు ఆఫీసర్ల పిల్లల కోసం రెండు రేకుల గదుల్లో పెట్టారట. కూలీల పిల్లల్ని గేటు కూడా దాటనిచ్చేవారు కాదట. తర్వాత్తర్వాత అందరికీ తెరిచారు. ఇప్పుడు స్టీలు ప్లాంటు వాళ్ళు కూడా వస్తున్నారు కాబట్టి ఇంత రద్దీ. చివర్లో అసలు మాట చెప్పాడు. ఫారం నింపేముందు అక్కడే పుట్టిన తేదీ కాగితం, టీసీ చూపించాలి. చూపించలేనివాళ్ళ ఫారం ఒంటిగంటలోపు వెనక్కి వస్తుంది, దాన్ని గేటు దగ్గర ఉన్నవాళ్ళకిస్తారు.

పన్నెండున్నరకి ఒకటే వెనక్కొచ్చింది. అది ఆ గోదావరి ఆయనదే. పుట్టిన తేదీ కాగితం కాకినాడలో ఉండిపోయిందట. గుమాస్తా మా కాగితాలు చూసి ఆ ఖాళీ ఫారం నా చేతిలో పెట్టాడు. నాకు సంతోషం కన్నా సిగ్గేసింది. నాకు ఇంగ్లీషు రాదని చూసి ఆ గోదావరి ఆయనే జేబులోంచి పెన్ను తీశాడు. "పేరు చెప్పమ్మా" అని రత్నాన్ని అడిగి, పుట్టిన తేదీ కాగితం చూసి, గంప మీద కాగితం పెట్టుకుని మొత్తం నింపాడు. "మావాడికి చేరడానికి ఇంకో ఏడుందండి, మీ అమ్మాయికి లేదు కదా" అన్నాడు.

నిన్న లిస్టు పెట్టారు. రత్నం పేరు చివరి నుంచి రెండోది. నాకు చూపించి, తనే చదివి వినిపించింది. ఆ గేటు ఒకప్పుడు మనలాంటి వాళ్ళకి తెరుచుకునేది కాదు. ఇప్పుడు తెరిచారు కానీ, దాని ముందు గంప పెడితే సరిపోదు బావా, మనిషే నిలబడాలి. నువ్వు మాత్రం పుట్టిన తేదీ కాగితం ఈ నెలలోనే తీసి ఉంచుకో. వచ్చే ఏడు ఆ గోదావరి ఆయన కోసం నేను తెల్లారకముందే లైన్లో నిలబడతానని మాటిచ్చాను, నీక్కూడా చోటు చూస్తాను. ఈలోగా ఒకసారి మా ఇంటికి రా, అప్పటికి బళ్ళో ఇంగ్లీషు నేర్చుకుని రత్నం ఆ నోటీసు నీకూ చదివి చెబుతుంది. ఎప్పుడొస్తావు?