ఐదు, ఆరు దగ్గర మలుపు

సుబ్బలక్ష్మమ్మ ఒకసారికి ఒకే ఒక్క స్వెట్టర్ పట్టుకుని అల్లుతుండగా చూసినవాళ్ళు ఆ ఊళ్ళో ఎవరూ లేరు. ఆమె పోయి రెండు చలికాలాలు దాటాయి. ఇప్పటికీ ఆ ఇల్లు తలపుకు వస్తే ముందు కనబడేవి ఆమె సంచులే. వసారాలో గోడవారన ఒకటి, వంటింటి గడప పక్కన ఒకటి, టీవీ కింద ఒకటి, పొలానికి పోయేటప్పుడు చంకలో ఒకటి. ఒక్కో సంచిలో ఒక్కో రంగు ఊలు, ఒక జత సూదులు, వాటికి వేలాడుతూ మోచేతి దాకా వచ్చి ఆగిన ఒక చెయ్యో, మెడ లేని మొండెమో.

కన్నడ సీమ అంచున ఉన్న చింతామణికి ఆటోలో పోయి వచ్చేంత దూరంలో ఉన్న పల్లె వాళ్ళది. భర్త ఆంజనేయప్పది టమాటా సేద్యం. ఇంట్లో నడవాలంటే సంచులు దాటుకుంటూ నడవాల్సి వచ్చేది ఆయనకు.

"ఒకటి ముగించి ఇంకొకటి పట్టుకోరాదామే?" అన్నాడు ఒకనాడు, ఊలు ఉండ కాలికి చుట్టుకుని పడబోయి.

"నువ్వు ఒక్క టమాటానే పెడతాండావా? నడుమ కొత్తిమీర, అంచుకు బీన్సు, గట్టు మీద కంది. నాకు మాత్రం ఒకటే పైరా?"

ఆయన కాలికి చుట్టుకున్న ఊలు విప్పుకుని ఆమెకే ఇచ్చి పోయాడు.

ఒకే రంగును చూస్తూ కూర్చుంటే ఆమెకు కళ్ళు మూతపడేవి. నీలం విసుగు పుడితే ఆకుపచ్చ, అది విసుగు పుడితే మనవరాలి టోపీ. ఇరుగుపొరుగు అమ్మలక్కలు వచ్చి కూర్చుంటే మఫ్లర్. మఫ్లర్ ఆంజనేయప్పకు. దానికి లెక్కలు లేవు, మాట్లాడుతూ అల్లుకుంటూ పోవచ్చు. "ఆయన మెడకు లెక్కెందుకమ్మా, పొడుగైతే రెండు చుట్లు చుట్టుకుంటాడు" అనేది.

మిగతావాటికి మాత్రం లెక్క కావాలి. ఎన్ని కుట్ల తర్వాత జడ పాయల మాదిరి మెలి వేయాలో, ఎన్నింటికి పువ్వు కోసం చిన్న కన్నం వదలాలో గుర్తుండాలి. మూడు సంచుల లెక్కలు ఒక్క తలలో కలిసిపోకుండా ఆమె ఒక ఉపాయం పెట్టుకుంది. ఒక్కో స్వెట్టర్‌కు ఒక్కో భాష.

అది కావాలని కనిపెట్టింది కాదు, దానంతటదే వచ్చింది. ఆమె పుట్టిల్లు తొండేభావి. ఇంట్లో అమ్మ దగ్గర చింతగింజలతో నేర్చుకున్న లెక్క తెలుగు. అల్లిక నేర్పింది బడిలో టీచరమ్మ, ఆ లెక్క కన్నడం. ఒందు, ఎరడు, మూరు, నాల్కు అంటూ బడి అరుగు మీద ఆడపిల్లలంతా ఒకే గొంతుతో పాడినట్టు చెప్పేవాళ్ళు. అందుకని ఒక సంచికి ఒకటి, రెండు, మూడు. ఇంకో సంచికి ఒందు, ఎరడు, మూరు. టోపీ చిన్నది కాబట్టి దానికి వన్, టూ, త్రీ చాలు. ఏ సంచి తీస్తే ఆ భాష నోట్లోకి వచ్చేసేది. నీలాన్ని పక్కన పెట్టి మళ్ళీ పొద్దుగూకాక తీసినా, ఎక్కడ ఆపిందో తెలుగులో అక్కడే నిలబడి ఉండేది ఆ లెక్క, కట్టేసిన ఆవు మాదిరి.

ఆమె పోకముందు ఒక ఏడాది చలి ముందుగానే దిగింది. చిక్కబళ్ళాపురంలో ఉన్న కూతురు వినుత ఫోన్ చేసింది. "అమ్మా, మా ఊరి పక్క నందికొండ చలంతా మీ అల్లుని రొమ్ము మీదనే వాలతాండాది. తెల్లారకముందే బైకు మీద పోతాండారు. మందంగా ఒకటి అల్లు."

అల్లుడు పురుషోత్తమ్ మంచి పొడగరి, ఒళ్ళున్న మనిషి. అతనికి నీలం రంగు, ఎనిమిది కుట్లకొక మెలి, లెక్క తెలుగు. అదే వారం బాగేపల్లి నుంచి ఆడబిడ్డ కూతురు చైత్ర ఫోన్‌లో ఒక స్వెట్టర్ బొమ్మ పంపింది. బాగేపల్లిలో స్వెట్టర్ వేసుకునేంత చలి ఉండదని అందరికీ తెలుసు. కానీ ఆ పిల్లకు అక్కడ కొత్తగా కన్నడ టీచరుగా ఉద్యోగం వచ్చింది, పువ్వుల స్వెట్టర్ మీద మనసు పడింది. ఆమెకు ఆకుపచ్చ, పది కుట్లకొక కన్నం, లెక్క కన్నడం.

రెండూ నడుము దాటి రొమ్ము దాకా వచ్చాయి. ఒకనాడు వినుత వీడియో కాల్‌లో నీలం ముక్కను చూపించమంది. సుబ్బలక్ష్మమ్మ గర్వంగా విప్పి పట్టుకుంది.

"అమ్మా, ఆ కన్నాలేమి? ఎలకలు కొట్టినాయా?"

చూసుకుంది. మెలికల మధ్య మూడు చోట్ల చైత్ర పువ్వుల కన్నాలు. గబగబా ఆకుపచ్చ సంచి తీసి చూసింది. పువ్వుల మధ్యలో పురుషోత్తమ్ మెలికలు, ఎవరో దారి తప్పి వచ్చి కూర్చున్నట్టు.

"డిజైన్‌లేమ్మా, కొత్తది" అని ఫోన్ పెట్టేసింది.

ఆమెకు గుర్తుకొచ్చింది తొండేభావిలో వాళ్ళ అమ్మ వాకిలి. పొద్దున్నే ముగ్గు వేస్తూ వేస్తూ, చివరి గీత కలపకుండా లేచి లోపలికి పోయేది ఆ తల్లి. మొదట అంతే. పాలలో ఉప్పు వేయడం, కూతుళ్ళ పేర్లు ఒకరివొకరికి పెట్టడం, తన ఇంట్లోనే నిలబడి ఇంటికి పోదాం పదండని ఏడవడం అన్నీ తర్వాత వచ్చాయి. మొదట తప్పింది చెయ్యే. తెరిచి ఉన్న ఆ ముగ్గును తానే చూసి, తానే చూపుడువేలితో మూసి, ఎవరికీ చెప్పకుండా ఊరుకున్న రోజు సుబ్బలక్ష్మమ్మకు బాగా జ్ఞాపకం.

ఇప్పుడు తన చెయ్యి తప్పింది.

ఎవరికీ చెప్పలేదు. తప్పుపడ్డ రెండు ముక్కల్నీ వేరే సూదుల మీదికి ఎక్కించి, మడిచి, రాగుల డ్రమ్ములో అడుక్కు తోసింది. కొత్త ఊలుతో రెండింటినీ మళ్ళీ మొదలుపెట్టింది. వారం తిరక్కుండానే మళ్ళీ నీలంలో కన్నం, ఆకుపచ్చలో మెలి పడ్డాయి. ఆ ముక్కలు కూడా డ్రమ్ములోకి పోయాయి. వసారాలో మఫ్లర్ మాత్రం పెరుగుతూ పోయింది. లెక్క లేని పని అదొక్కటే కాబట్టి పట్టుకుంటే అదే పట్టుకునేది. ఆంజనేయప్ప మెడకు రెండు చుట్లు కాదు, నాలుగు చుట్లు వచ్చేంత అయింది.

అదే రోజుల్లో ఆంజనేయప్ప వింత ప్రశ్నలు వేయడం మొదలుపెట్టాడు.

"ఈపొద్దు ఏమి వారమే?"

"సోమారం."

మధ్యాహ్నం అన్నం తింటూ మళ్ళీ, "వారమేమంటివి?"

"పొద్దున చెప్తి కదా, సోమారమని."

ఇంకోనాడు దూడకు గడ్డి వేస్తూ, "మన పెండ్లి యాడ జరిగిండేది?"

"విదురాశ్వత్థంలో. ఏమి, నువ్వు రాలేదా దానికి?"

ఆయన నవ్వలేదు, తల ఊపి పోయాడు. సుబ్బలక్ష్మమ్మ ఆయన వీపునే చూస్తూ నిలబడింది. తనకేనా, ఈయనకు కూడానా? వారం గుర్తుండదు, తాళి కట్టిన చోటు గుర్తుండదు. ఇద్దరికీ ఒకేసారి వస్తే ఎవరిని ఎవరు చూసుకోవాలి? పొయ్యి ముందు కూర్చుని సంగటి గెలుకుతూ ఇదే ఆలోచన. సంగటి అడుగంటింది. అది కూడా ఒక గుర్తేనేమో అనుకుంది.

టమాటా కోతలు వచ్చాయి. కూలీలు తక్కువై, బాక్సుల మీద కన్నేసి ఉంచడానికి ఆమె కూడా ఆంజనేయప్పతో చింతామణి మార్కెట్‌కు పోయింది. మార్కెట్ అంటే తెలిసిందే, కన్నడం, తెలుగు, ఉర్దూ అన్నీ ఒకేసారి అరుస్తుంటాయి. అక్కడ బాక్సులు దించి ఎంచే మేస్త్రీ మునియప్ప. ఎంచడం ఆయనకు ఒక పాట. ఒక్కో బాక్సు మీద అరచేత్తో కొడుతూ గట్టిగా చెప్పుకుంటూ పోతాడు.

"ఒందు, ఎరడు, మూరు, నాల్కు, ఐదు, ఆరు, ఏడు, ఎనిమిది, తొమ్మిది..."

సుబ్బలక్ష్మమ్మ బాక్సు మీద కూర్చున్నది లేచి నిలబడింది.

"మునియప్పా, నిలుపు! ఇంకోసారి ఎంచప్పా."

"తక్కువ పడిందామ్మా?"

"తక్కువేమీ లేదు. నువ్వు కన్నడంలో ఎక్కి తెలుగులో దిగితివి."

"నేనా? యాడ?"

"అదే తెలుసుకోవల్ల. ఎంచు."

మునియప్ప సిగ్గుపడుతూ మళ్ళీ కొట్టాడు. ఈసారి ఒళ్ళు దగ్గర పెట్టుకుని చెప్పాడు కాబట్టి హత్తు దాకా, అంటే పది దాకా, కన్నడంలోనే పోయాడు. "చూస్తివా, ఏమీ తప్పలేదు" అన్నాడు. "నన్ను చూడకుండా ఎంచు, ఆ కొసనుండి" అంది ఆమె. ఆయన అటు తిరిగి తన ధోరణిలో పడ్డాడు. మూరు, నాల్కు, ఐదు, ఆరు, ఏడు, ఎనిమిది.

"అదో! ఐదు, ఆరు!" సుబ్బలక్ష్మమ్మ చేతులు చరిచింది. "ఐదుకు కన్నడంలో ఏమంటారు? ఐదే. ఆరుకు? ఆరే. రెండు బండ్లూ ఆడ ఒకే దారిలో పోతాండాయి. దాటినాక నీ బండి తెలుగు దారి పట్టింది."

మూటలు మోసేవాళ్ళు నలుగురు పోగయ్యారు. అందరూ లోలోపల ఎంచుకుని చూసుకుంటున్నట్టు పెదాలు కదిలాయి. ఒకడు, "అవునప్పా, నిజమే!" అన్నాడు. ఇంకొకడికి ఓపిక లేదు. "అమ్మా, యాపారికి బాక్సులు కావల్ల, బాషలు కాదు. జరుగు!"

మునియప్ప నొచ్చుకున్నాడు. "ఇన్నేండ్లు ఎంచితి. నువ్వు చెప్పినావు కదా, ఇంక ఐదు కాడ నాకు కాలు తడబడుతుంది పో."

ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, బాక్సుల సందులో కూర్చుని, నవ్వుతూ నవ్వుతూ కళ్ళు తుడుచుకుంది. ఆంజనేయప్ప దూరం నుంచి చూసి, ఏమైందో అని పరుగులాంటి నడకతో వచ్చాడు.

తిరుగు దారిలో ఖాళీ ఆటో వెనక ఎదురెదురుగా కూర్చున్నారు. ఆమె అంతా చెప్పింది. కన్నాలు, మెలికలు, రాగుల డ్రమ్ము, చివరికి తొండేభావి ముగ్గు కూడా. ముగ్గు సంగతి ఆయనకు చెప్పడం అదే మొదలు.

ఆంజనేయప్ప ఆమె వైపు వంగాడు. "డ్రమ్ములో ఊలు చూస్తి. రాగులకని పోయి చెయ్యి పెడితే మెత్తగా తగిలె. దాచుకున్నావంటే మతి తప్పుతాండాదని నీకే తెలిసిపోయిందని భయపడితి. అందుకే అడగతాంటి, వారమేమి, పెండ్లి యాడ అని."

"పరీక్ష పెడతాంటివా నాకు!"

"మరి? మీ అమ్మను చూసినోణ్ణే కదా నేను."

"నేను నీకే మతిమరుపు పట్టుకునిందనుకుంటి. పెండ్లి యాడ అంటివే, దేవుడా అనుకుంటి. నిన్ను ఆవు మాదిరి గాడికి కట్టేయల్లనా, ఇంట్లో పెట్టి తాళం వేయల్లనా అని ఆలోచన చేస్తాంటి."

"గాడికా!"

ఆటో గుంతలో పడి ఇద్దరూ ఎగిరిపడ్డారు. డ్రైవర్ వెనక్కి తిరిగి చూసేంతగా నవ్వారు.

ఇంటికి రాగానే కాళ్ళు కూడా కడుక్కోకుండా ఆమె డ్రమ్ము మూత తీసింది. నవ్వు వచ్చింది గానీ అనుమానం పూర్తిగా పోలేదు. మునియప్పది నోరు, తనది చెయ్యి. ముక్కలు బయటికి లాగి వసారాలో పరిచారు. కుట్లలో ఇరుక్కున్న రాగులు రాలి గచ్చు మీద దొర్లాయి. ఆంజనేయప్ప కళ్ళద్దాలు పెట్టుకుని, నారు మొక్కలు ఎంచినట్టు, ఒక్కో కుట్టు మీద వేలు పెట్టుకుంటూ పోయాడు. ఆమె రాలిన రాగులు ఏరుతూ ఆయన వేలి వెంబడే చూసింది.

ఆకుపచ్చలో పడ్డ ప్రతి మెలీ వరసగా ఎనిమిదో కుట్టు దగ్గరే ఉంది. నీలంలో పడ్డ ప్రతి కన్నమూ పదో కుట్టు దగ్గరే. ఒక్కటి కూడా అటూ ఇటూ కాలేదు.

"మతిపోయిన చెయ్యి అయితే యాడంటే ఆడ తప్పల్ల కదామే" అన్నాడు ఆయన, అద్దాలు నుదుటి మీదికి తోసుకుంటూ. "నీ చెయ్యి చెప్పింది చెప్పినట్లు చేసింది. ఆకుపచ్చలో కన్నడం తెలుగుకు మళ్ళి ఎనిమిది అంటే మెలి వేసె, నీలంలో తెలుగు కన్నడానికి మళ్ళి హత్తు అంటే కన్నం వదిలె. దారి మారింది లెక్క, నువ్వు కాదు."

ఆమె నీలం ముక్క ఒళ్ళో పెట్టుకుని, ఆ కన్నాల మీద చూపుడువేలు పెట్టి ఒకటొకటిగా తాకింది. అమ్మ ముగ్గును మూసినట్టు కాదు, ఉత్తినే.

తర్వాత ఆకుపచ్చను విప్పడానికి కూర్చుంది. ఆంజనేయప్ప రెండు చేతులూ చాపి కూర్చున్నాడు, వాటి చుట్టూ ఊలు చుట్టుకుంటూ పోయింది. ఊలు విప్పడం అయ్యాక ఆయన లేచి పోలేదు. అక్కడే స్తంభానికి ఆనుకుని కూర్చున్నాడు, ఈ పనిలో తనకూ ఒక బాధ్యత పడినట్టు. ఆమె కొత్తగా కుట్లు ఎక్కించి, మొదటి వరస మొదలుపెట్టింది. ఈసారి లోలోపల కాదు, పైకే.

"ఒందు, ఎరడు, మూరు, నాల్కు, ఐదు..."

"కన్నడం! కన్నడం!" అని అరిచాడు ఆంజనేయప్ప, బస్సు మెట్టు మీద నిలబడ్డ కండక్టర్ లాగా.

సూది ఆగిపోయింది.

"అరిస్తివా? యాడుంటినో పోయె."

"ఐదులో ఉంటివి కదామే, నేను విన్నా."

"ఏ ఐదులో? కన్నడం ఐదా, తెలుగు ఐదా?"

ఆంజనేయప్ప దగ్గరికి జరిగి, సూది మీది కుట్లను వేలితో ఒందు, ఎరడు అని ఎంచడం మొదలుపెట్టాడు.