కప్పపిట్ట, నాలుగో దెబ్బ

ఇది జరిగింది. నేను చూశాను, నేను విన్నాను. నవ్వాలనుకున్నవాళ్లు ఇప్పుడే నవ్వేయండి... తర్వాత నవ్వితే మాత్రం గుర్తుపెట్టుకుంటాను. పదకొండేళ్ల కిందట ఎవరెవరు నవ్వారో, ఎక్కడ కూర్చుని నవ్వారో ఇప్పటికీ వరసగా చెప్పగలను.

అప్పట్లో జమ్మలమడుగు దగ్గర నాపరాయి గనిలో బండలు తీసేవాణ్ణి. నా జోడీ ఓబులేసు. బండను ఊడదీయడానికి ఒకడు చాలు. ఎత్తడానికి మాత్రం ఇద్దరు కావాలి. నేను పనికి పోని ఒక రోజు ఓబులేసు ఒక్కడే ఎత్తబోయాడు... బండ జారింది. మనిషి దక్కలేదు. తర్వాత గని మూతపడింది.

ఆ ఏడు ఎండాకాలం నుంచే రాత్రిపూట గనిలో చప్పుడు. టక్... టక్... టక్... ఉలి మీద సుత్తి పడినట్టు. ఓబులేసు ఇంకా బండలు తీస్తున్నాడన్నారు ఊళ్లో. చీకటి పడితే ఆ దారిన పోవడం మానేశారు.

నాకు నమ్మకం కుదరలేదు. ఎందుకంటే మా పనికి ఒక లెక్క ఉంది. మూడు దెబ్బలు గట్టిగా కొడతాం. నాలుగోది మెల్లగా. దాన్ని రాయిని అడిగే దెబ్బ అంటాం. బండ ఊడి ఉంటే గంటలా పలుకుతుంది. లేకుంటే మొద్దుగా మోగుతుంది. గనిలో వినిపించే చప్పుడులో ఆ నాలుగో దెబ్బ లేదు. మెల్లగా మొదలై, వేగం పెరిగి, గోలీ గచ్చు మీద పడి దొర్లినట్టు టక్‌టక్‌టక్‌ర్ర్ర్ అని ఆగిపోతుంది. మనిషి అలా కొట్టడు.

ఒంటరిగా పోయి చూశాను. పిట్ట! నేల మీద మట్టిగడ్డలా పడుకున్న పిట్ట. టీకొట్టు దగ్గరికి వచ్చి చెప్పాను, "దయ్యం కాదప్పా, పిట్ట. కప్ప నోరుండే పిట్ట" అని.

అంతే. ఆ రోజు నుంచి నా పేరే కప్పపిట్ట అయింది. నేను భయపడి పారిపోయి వచ్చి కథ అల్లానన్నారు.

ఆ పేరును పులివెందుల దాకా మోసుకుపోయింది మా అక్క మొగుడు హుస్సేనప్ప. అక్కడ ఆయనకు చీనీతోట, అంటే బత్తాయితోట, ఉంది. ప్రొద్దుటూరులో ఒక పెళ్లిలో, బంతి నిండా జనం ఉండగా, వడ్డించేవాణ్ణి కేకేసి, "మా కప్పపిట్టకు ఇంకొంచెం కూర ఎయ్యప్పా, పాపం పురుగులు దొరకలేదంట!" అన్నాడు. నేను తినకుండానే లేచాను. ఇంకోసారి ఆయన ఫోన్ కనబడకపోతే నన్ను రింగ్ ఇమ్మన్నాడు. మంచం కింద మోగింది. తీసి చూశాను. తెర మీద నా నంబరుకు పేరు... కప్పపిట్ట.

పోయిన ఎండాకాలం మా ఇంటివాళ్ల వాట్సాప్ గ్రూపులో ఒక ఫోటో పెట్టాడు బావ. ఏదో దేశపు పక్షి. విరిగిన కొమ్మలా నిటారుగా కూర్చుంది. అంత నోరు, గుండ్రని కళ్లు, ఎవరి మీదో అలిగినట్టు మొహం. కింద రాశాడు, 'మా బామ్మర్ది దొరికినాడు.' పిల్లలందరూ ఎంత ముద్దుగా ఉందో అని గుండె గుర్తులు పెట్టారు. అదీ నా బాధ. పరాయి దేశపు పిట్ట ముద్దొచ్చింది. నా ఊరి పిట్ట అబద్ధమైంది.

వెంటనే ఫోన్ చేశాను. "వస్తావా బావా? కండ్లారా చూపిస్తా."

"చూపిస్తే ఫోన్లో నీ పేరు మారుస్తా రా. లేకుంటే చచ్చేదాకా కప్పపిట్టవే."

ఆ వారమే వచ్చాడు. అన్నం తిని ఇద్దరం బండి మీద బయలుదేరాం. సన్నటి నెలవంక. గని దగ్గర బండి ఆపగానే ఇంజన్ వేడికి చిటచిటమని చప్పుడు... తర్వాత అదీ లేదు. రాళ్లు ఇంకా వెచ్చగానే ఉన్నాయి. కాలి కింద రాతిముక్కలు కిర్రు కిర్రుమంటున్నాయి.

టక్.

బావ ఆగిపోయాడు.

టక్... టక్... టక్‌టక్‌టక్‌ర్ర్ర్...

"ఏందిరా అది?"

"బయపడతాండావా బావా?"

"నాకేం బయం! నడువు ముందు."

ముందు నడవమన్నవాడు నా చొక్కా వదల్లేదు. టార్చి నేల మీద తిప్పాను. రాళ్లు... కంపచెట్టు... రాళ్లు... రెండు నిప్పుకణికలు. నేలకు ఆనుకుని వెలుగుతున్నాయి.

"యాడుంది పిట్ట? రెండు మిణుగురులుండాయి, అంతే."

"వంగి చూడు బావా. శానా దగ్గరికి పోవాకు."

మాట వినే మనిషైతే పదకొండేళ్లు ఎందుకు పట్టేది? మోకాళ్ల మీద కూర్చుని, మొహం దగ్గరగా పెట్టి, పుల్లతో పొడవబోయాడు. అప్పుడు ఆ మట్టిగడ్డ... మెల్లగా... ఉబ్బింది. నోరు తెరిచింది. చెవి నుంచి చెవి దాకా ఒకటే నోరు. లోపలంతా లేత గులాబీ రంగు. పాములా బుస్సుమంది.

"వామ్మో!" బావ వెనక్కి పడ్డాడు. ఒక చెప్పు ఎక్కడికో పోయింది.

నేను నవ్వలేదు. నవ్వు తర్వాతకు దాచుకున్నాను. టార్చి పక్కకు తిప్పి, "చూడు బావా" అన్నాను. ఎండుటాకులూ బూడిదా కలిపి చల్లినట్టున్న రెక్కలు. నోటి చుట్టూ పిల్లి మీసాలు. పొట్ట కింద, ఒట్టి నేల మీద, రెండు గుడ్లు. అంత మనిషి మీదికి వంగి పొడవబోయినా గుడ్లు వదిలి కదల్లేదు. ఎంత అందమో! ఎవరేమనుకుంటే దానికేం?

బావ చాలాసేపు చూశాడు. "నిజమేరా దస్తగిరీ. కప్ప నోరే."

"ఏమన్నావు బావా? ఇనబళ్లా."

"నువ్వు చెప్పింది నిజమే అంటాండా కదప్పా!"

"ఇంకొక్కసారి."

మూడుసార్లు చెప్పించాను. అక్కడికక్కడే ఫోన్లో పేరు మార్పించాను. పదకొండేళ్ల బరువు దిగిపోయి, ఒంట్లోకి చల్లగాలి దూరినట్టనిపించింది. ఇక పోదామని లేచాం.

అప్పుడు...

టక్.

గని లోపల నుంచి. లోతుగా.

టక్... టక్...

వేగం పెరగలేదు. మూడూ ఒకే తీరు. దొర్లుతుందిలే... ఇప్పుడు దొర్లుతుంది... ర్ర్ర్ అంటుంది...

అనలేదు. కాసేపు ఆగింది. తర్వాత మెల్లగా, చాలా మెల్లగా...

టంగ్.

రాయి పలికింది.

నా టార్చి వెలుగులో పిట్ట నోరు మూసుకుని, గుడ్ల మీద అలాగే ఉంది.

"ఇంటాండావా? ఇంగోటి కూస్తాంది," అన్నాడు బావ హుషారుగా. "దీని జోడీ అయ్యుంటాది."

అది పిట్ట కాదంటే... ఇప్పుడే మూడుసార్లు చెప్పించుకున్న మాట ఏమవుతుంది?

"ఆ... జోడీనే బావా," అన్నాను.

ఇప్పుడు పులివెందులలో ఎవరు దయ్యం మాటెత్తినా బావే కొట్లాటకు పోతాడు. "పిట్టప్పా అది! మా దస్తగిరి చూపించినాడు," అంటాడు. టీకొట్టులో నవ్వినవాళ్లు ఒక్కొక్కరే వచ్చి పిట్టను చూపించమని అడిగారు. గుడ్లు పిల్లలయ్యి ఎగిరిపోయేదాకా ఒక్కణ్ణీ తీసుకుపోలేదు. అడగనీ అని ఊరుకున్నాను. గెలిచాను. ఆ గెలుపు నాదే.

కానీ మీకు చెప్పాలి... బండ పలికాక మా పనిలో చప్పుడుండదు. సుత్తి పక్కన పెట్టి, రెండో అంచు పట్టడానికి జోడీ వస్తాడని ఎదురుచూస్తాం. ఆ రాత్రి టంగ్ తర్వాత ఇంకేమీ వినబడలేదు. బండి దాకా నడుస్తున్నంతసేపూ... ఏమీ లేదు.

పిట్టే అయ్యుంటుంది. జోడీ పిట్ట. ఒక్కోసారి అలా కూస్తుందేమో, నాకేం తెలుసు?

ఈ మాట మాత్రం బావ చెవిన వేయకండి. పేరు మళ్లీ మార్చేస్తాడు.