ఒక పాటకు నలభై చరిత్రలు

ప్రోచిదా దీవిలో ముసలి తోబియాకు ఉన్న జబ్బు ఒక్కటే: ‘నిమ్మకాయల పిల్ల’ పాటను ఎవరినీ చివరిదాకా పాడనివ్వడు. ఇటలీ అంతా పాడుకునే పాట అది. పుట్టిన దీవిలో మాత్రం రెండో చరణం దాటిన పాపాన పోలేదు. అది అయిందో లేదో, ఏ మూలనుంచో తోబియా లేచి చెయ్యెత్తేవాడు.

“ఆగండాగండి! అసలీ పాట చరిత్ర మీకు తెలుసా?”

తెలియదన్నా చెప్పేవాడు, తెలుసన్నా చెప్పేవాడు. అయ్యేసరికి విందులో సూపు చల్లారిపోయేది, పాడేవాడికి పాట మీద విరక్తి పుట్టేది.

ఈ జబ్బువల్ల ఎక్కువ దెబ్బతిన్నవాడు నికాంద్రో. పెళ్లిళ్లలో అకార్డియన్ వాయించి బతికేవాడు.

“బాబాయ్, మొన్న ఈ పాట రాసింది స్పెయిన్ సైనికుడన్నావు. ఇవాళ సన్యాసి అంటున్నావేం?”

“సైనికుడే సన్యాసి అయ్యాడురా. యుద్ధం చూసినవాడు ఇంకేమవుతాడు?”

“పోయినవారం మూడొందల ఏళ్ల పాట. ఇవాళ నాలుగొందలా?”

“మనం ముసలాళ్లం కావడంలేదూ? పాటకు మాత్రం వయసు పెరగదా?”

నికాంద్రో మేనకోడలి పెళ్లిలో నలుగురు కలిసి తోబియాను కుర్చీతో సహా ఎత్తి వీధిలో పెట్టారు. ఆయన చేపతలల కోసం చేరిన పిల్లులకు చరిత్ర చెబుతూ కూర్చున్నాడు. ఆ తర్వాత అందరూ ఆయన్ను పిలవడం మానేశారు. పిలవకపోయినా సిగ్గులేకుండా వచ్చేవాడు.

ఒక వసంతంలో రోమ్ నుంచి రేడియోవాళ్లు వచ్చారు. రేవులోనే పాట మొత్తం రికార్డు చేస్తారట. నికాంద్రోకు జన్మకో అవకాశం. ఆ పొద్దున తోబియాను సార్డీన్ చేపల వేటకని పడవెక్కించి, అది తీరం వదిలాక గాని ఊపిరి పీల్చుకోలేదు.

రెండో చరణం అయింది. రేవు మెట్ల మీద నీళ్లోడుతూ తోబియా ప్రత్యక్షమయ్యాడు! పడవలోంచి దూకి ఈదుకొచ్చాడు, డెబ్బై రెండేళ్ల మనిషి.

నికాంద్రో ఆయన కాలర్ పట్టుకున్నాడు. “నీకేం పాపం చేశాను బాబాయ్? ఇవాళ ఎవరు రాశారు, పోప్ గారా?”

“నేను,” అన్నాడు తోబియా. “రాసింది నేనే. మూడో చరణం పచ్చి అబద్ధం.”

రేవంతా గొల్లున నవ్వింది. “ఇది నలభయ్యో చరిత్ర!” అని ఎవరో చప్పట్లు కొట్టారు. ముప్ఫై తొమ్మిది అబద్ధాలు ఓపిగ్గా విన్న జనం, నిజానికి మాత్రం కడుపుబ్బ నవ్వారు.

“నన్ను చేసుకోనన్నదని అక్కసురా. తాగి రాశాను. నిమ్మకాయలతోబాటు ముద్దులూ అమ్ముతుందని రాశాను. నావికులు పాటను నేపుల్స్‌కు పట్టుకుపోయారు. ఎవడో తన పేరేసుకుని అచ్చేశాడు. ఆ చరణం విని ఆమెకు కుదిరిన సంబంధం తప్పిపోయింది. వెనక్కి తీసుకోవడం నా చేతుల్లో లేకపోయింది. మళ్లీ ఆమె చెవిన పడకుండా చూడటమొక్కటే నాకు చేతనైంది.”

నికాంద్రో చెయ్యి జారింది. రేవు చివర నిమ్మకాయల బండి దగ్గర ఎర్సీలియా నిలబడి ఉంది. ఏభై ఏళ్లుగా అక్కడే అమ్ముతోంది, పెళ్లి లేదు. తోబియా లేచి నిలబడిన ప్రతి పెళ్లిలోనూ ఆమె ఏదో ఒక బల్ల దగ్గర కూర్చుని ఉండేదని నికాంద్రోకు అప్పుడు వెలిగింది.

ఆమె నెమ్మదిగా నడిచొచ్చింది. నవ్వులు ఆగిపోయాయి.

“వాడు చెప్పింది నిజమే. నాకు అప్పుడే తెలుసు. ఇంత చెత్తగా ప్రాస కట్టేవాడు ఈ దీవిలో ఇంకెవడున్నాడు?”

రేడియో పెద్దమనిషి గడియారం చూసుకున్నాడు. “ఆ మూడో చరణం కానివ్వండి. పాట మొత్తం లేకపోతే మాకు పనికిరాదు.”

నికాంద్రో ఒక్క క్షణం మైకు వంక చూశాడు. అకార్డియన్ మడిచి పట్టీ బిగించాడు.

“మూడోది లేదండీ. మా దగ్గర ఈ పాటకు రెండే చరణాలు.”

వాళ్లు తీగలు చుట్టుకుని మధ్యాహ్నం పడవకే వెళ్లిపోయారు. నికాంద్రో పేరు ఏ రేడియోలోనూ రాలేదు.

తోబియా మెట్ల మీద వణుకుతూ కూర్చున్నాడు. “క్షమించు, ఎర్సీలియా.”

“క్షమించను. నోరు తెరవడానికి నీకు ఏభై ఏళ్లు పట్టింది. నాకూ అంత పట్టనీ.”

“అంటే నేను నూట ఇరవై రెండేళ్లు బతకాలే!”

“అయితే ముందు ఆ తడిబట్టలు మార్చుకో,” అని ఎర్సీలియా తన శాలువా తీసి అతని నెత్తిన పడేసింది.